సెబాస్టియన్ గారి పడమటి గోడ

మా ఎదురు ఫ్లాటు సెబాస్టియన్ గారు సినిమా సెట్లకి రంగులేస్తారు. ప్లైవుడ్డు ముక్క చేతికిస్తే సాయంత్రానికల్లా దాన్ని నాచు పట్టిన కోటగోడ చేసి నిలబెడతారు. జూబ్లీ హిల్స్‌లో కొందరు మహానుభావులు కొత్తగా కట్టుకున్న ఇంట్లో ఒక గోడని పాతదానిలా చేయించుకోవడానికి కారు పంపి మరీ ఈయన్ని పిలిపించుకుంటారు. కొత్తది పాతగా కనపడాలట! డబ్బెక్కువైతే అంతేలెండి. ఆయన మాత్రం నవ్వరు, విసుక్కోరు. వెళ్ళి, చేసి, వచ్చేస్తారు.

ఆయన భార్య కరుణాకుమారిది తెనాలి. చర్చిలో పాటంటే ఈ పిల్లదే. పిల్లంటే యాభై దాటింది, నాకంటే చిన్నదని అలా అంటాను. మూడేళ్ళుగా దగ్గు పట్టుకుని పాట మానేసింది. నేను డబ్బింగు చెప్పి బతికినదాన్ని. తెర మీద ఎంతమంది తల్లులకో దగ్గి పెట్టాను. ఏది ఉత్తుత్తి దగ్గో, ఏది గుండెలు పిండేదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కరుణది రెండోది. డాక్టరు దుమ్మన్నాడు. పరదాలు తీసేశారు, దూదిపరుపు మార్చారు. నా తాలింపు ఘాటేమోనని నేను వంటింటి కిటికీ మూసుకుని చెమటలు కక్కుకుంటూ వండాను.

ఆ మొగుడికి ఆమె అంటే ప్రాణం. ఏటా క్రిస్మస్ ముందు వాళ్ళ పడకగదిలో పడమటి గోడకి తానే కొత్త రంగు వేసేవారు. ఒక ఏడు రోజా, ఒక ఏడు ఆకుపచ్చ. పండగ ముందు రోజు దాకా గది తలుపు మూసి, అప్పుడు ఆమెకు చూపించేవారు. ఇంత కాపురంలో మా ఆయన నా కోసం గోడకి ఒక మేకైనా కొట్టలేదు. నాకు కుళ్ళుగానే ఉండేది, దాచుకోవడం దేనికి?

మొన్న వానాకాలంలో పై ఫ్లాటు వాళ్ళ బాత్రూము పైపు పగిలింది. నీళ్ళన్నీ ఆ గోడ మీదుగానే దిగాయి. మంచం నానింది, చెక్క బీరువా ఉబ్బింది, గోడంతా బుడగలు. కరుణ దగ్గు రెట్టింపయింది. పెచ్చులన్నీ ఊడగొట్టి మళ్ళీ పూత పూయిస్తే తప్ప ఆ గదిలో పడుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అది తలకు మించిన ఖర్చు. ఇంటి లోనుతో పాటు బ్యాంకువాళ్ళు అంటగట్టిన ఇన్సూరెన్సు ఒకటుంది. అది వస్తేనే గోడ బాగుపడుతుంది, గోడ బాగుపడితేనే ఈ పిల్లకి ఊపిరాడుతుంది. సర్వేయరు వచ్చి చూసేదాకా ఏదీ ముట్టుకోవద్దని ఏజెంటు ఫోనులో మరీమరీ చెప్పాడు.

వింటేగా! శుక్రవారం వాళ్ళింట్లో ప్రార్థన కూటం. పదిమందీ వచ్చేవేళకి గోడ అలా ఉంటే బాగోదని సెబాస్టియన్ గారు బుడగలు చెక్కి, లప్పం పెట్టి, మీగడ రంగు వేసేశారు. కూటానికి వచ్చినవాళ్ళు గోడని మెచ్చుకుని వెళ్ళారు. సోమవారం సర్వేయరు వస్తున్నట్టు మర్నాడు కబురొచ్చింది.

"మీకేమైనా మతి పోయిందా అండీ? ఇప్పుడేం చూపిస్తారు, నున్నటి గోడా?" అని అరిచాను.

"పోనీ అక్కా, పైపైన గీకేద్దాం. కింద తడి ఉంటుందిగా," అంది కరుణ.

"గీకొద్దు!" అన్నారాయన. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. వెంటనే తగ్గి, "చెమ్మ మరకే కదా, మళ్ళీ వేసేస్తాను. నాకదేం కష్టం?" అన్నారు.

అన్నంత పనీ చేశారు. ఆదివారం సాయంత్రానికి పై మూల నుంచి కిందిదాకా గోధుమ రంగు మరకలు, అంచుల్లో నల్లటి బూజు, అక్కడక్కడా ఉప్పు పొంగినట్టు తెలుపు. నిజం చెప్పొద్దూ, నాకు ముక్కుకి చెమ్మ వాసన కూడా వచ్చినట్టయింది.

కరుణ మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఇది అబద్ధం కదండీ?"

"జరిగిందే కదా వేశాను," అన్నారాయన, కుంచె కడుక్కుంటూ.

సర్వేయరు చరణ్ తేజ అని కుర్రవాడు, మర్యాదస్థుడు. మంచానికీ బీరువాకీ ఫొటోలు తీసుకున్నాడు. గోడ మీద మరకని బొటనవేలితో రుద్దాడు. వేలికి రంగు అంటుకుంది.

"సార్, ఇదేంది? పైన పొడిగుంది," అన్నాడు. కోప్పడలేదు. "జర గీకి చూపిస్తరా?"

సెబాస్టియన్ గారు కదల్లేదు. కరుణే గోడ గీకే రేకు తెచ్చి కసిగా ఒక్క లాగు లాగింది. పెచ్చు అరచేయంత ఊడింది. మీగడ రంగు కింద ఆకుపచ్చ. దాని వెనక నల్లటి బూజు. బూజు కింద రోజా. దాని వెనకా బూజే. ఇంకా కింద నీలం. ఇసుక తడితడిగా ఆమె చేతిమీద రాలింది.

"ఈ పచ్చ పోయిన క్రిస్మస్‌ది," అంది కరుణ మెల్లగా. "రోజా అంతకు ముందుది. నీలం వేసిన ఏడే కదండీ నాకు దగ్గు మొదలైంది?"

"మేడమ్, ఇది మొన్నటి నీళ్ళది కాదు. ఏండ్ల సంది ఊరుతున్నది," అన్నాడు చరణ్ తేజ. "మంచానికి, బీరువాకి రాస్త. గోడకైతే రాదు. ఏమనుకోకుండ్రి."

ఆమె అతని వంక చూడనే లేదు. "మీకు తెలుసా?" అని మొగుణ్ణి అడిగింది.

"తెలుసు కరుణా. పైవాళ్ళని అడిగితే గొడవ. నీకు చెబితే బెంగ పెట్టుకుంటావు. చూడ్డానికి బాగుంటే నువ్వు సంతోషంగా ఉంటావనుకున్నాను."

"నేను దగ్గుతుంటే మీకు వినపడలేదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రంగులు చూసి ఏటా కుళ్ళుకున్నది నేనేనా అనిపించింది. నాలుగు దులిపేద్దామని ఆయన మొహంలోకి చూశాను. ఆ మనిషి చెడ్డవాడైతే తిట్టడం ఎంత తేలికయ్యేదో! సర్వేయర్ని మా ఇంటికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చి పంపాను.

ఆ రాత్రి కరుణ దిండు తెచ్చుకుని మా ఇంట్లో పడుకుంది. ఏడవలేదు. అటువైపు నుంచి గోడ కొడుతున్న చప్పుడు వింటూ నేను నిద్రపోయాను.

తెల్లారి కాఫీ ఇస్తుంటే అడిగింది. "అక్కా, రాత్రి నేను దగ్గానా?"

అప్పటిదాకా నాకూ తట్టలేదు. "లేదే తల్లీ. ఒక్కసారి కూడా దగ్గలేదు."

గ్లాసు కింద పెట్టి అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నాది ఈసారి డబ్బింగు కాదు.

గుమ్మంలో సెబాస్టియన్ గారు నిలబడి ఉన్నారు. జుట్టు నిండా సిమెంటు దుమ్ము, వేళ్ళు చిట్లి ఉన్నాయి. లోపలికి రాలేదు. "ఇటుక దాకా తీసేశాను కరుణా. ఇంక కిందేమీ లేదు," అన్నారు.

కరుణ కళ్ళు తుడుచుకుని ఆ చేతుల వంక చూసింది. లేచి వెళ్ళి మా కొబ్బరినూనె సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"గోడని ఆరనివ్వండి," అంది. "ఆరేదాకా నేను ఇక్కడే ఉంటాను."