రెండు గడ్డి బకెట్లు, ఒక ముక్కు

కండక్టరమ్మ ముప్పై ఏళ్లు సిటీ బస్సులో టికెట్లు కొట్టింది. రిటైరయ్యాక ఆ చెయ్యి ఊరుకుంటుందా, బాల్కనీలో ఖాళీ పెయింటు బకెట్లలో మొక్కలు పెంచడం మొదలుపెట్టింది. దగ్గొస్తే వామాకు, కడుపు ఉబ్బితే పుదీనా, వేలు చురుక్కుమంటే కలబంద. పక్కింటివాళ్లు తలుపు తట్టడమే ఆలస్యం, "ఏ స్టాపు? గొంతా, పొట్టా?" అని అడిగి మరీ ఆకు తెంపి ఇచ్చేది. ఆ బకెట్లలో ఒక్కదాని మీదా పేరు రాసి ఉండదు. "ముక్కుండగా చీటీలెందుకు?" అనేది. కొంచెం పొగరే అనుకోండి, కానీ ఆ ముక్కు ఒక్కసారీ తప్పలేదు.

అలాంటి మనిషికి వీధి చివరి ఆసుపత్రి డాక్టరమ్మ ఏకంగా పెరడే ఇస్తానంది. పాత కుర్చీలు పడేసే జాగా, ఇరవై అడుగుల పొడవు, పొద్దుటి ఎండ, పక్కనే కుళాయి. ఇంకేం కావాలి? కండక్టరమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు. వారం రోజులు కనబడ్డవాళ్లందరికీ ఆ కుళాయి గురించే చెప్పింది.

డాక్టరమ్మ షరతు ఒకటే. "ఆదివారం వీధివాళ్లందరినీ పిలుస్తాను. ఏ మొక్క దేనికో మీరే చెప్పండి. నచ్చితే తాళం మీకే. తెలియనిది మాత్రం తెలిసినట్టు ఇవ్వకూడదు, అలా ఇచ్చేవాళ్లతోనే నా తలనొప్పంతా."

"నా ముక్కుంది కదండీ," అంది కండక్టరమ్మ.

బుధవారం ఆ ముక్కుకే జలుబు చేసింది. శుక్రవారానికి జలుబు తగ్గింది, వాసన కూడా దాంతోపాటే పోయింది. భర్త గడియారాలు బాగుచేసే మనిషి. ఆయన పొయ్యి మీద ఉల్లిపాయలు మాడ్చి ఇల్లంతా పొగ నింపినా ఆవిడకి తెలియలేదు.

"డాక్టరమ్మకి చెప్పెయ్యవే," అన్నాడాయన.

"చెప్తే పెరడు ఇంకెవరికో పోతుంది. మీరు నోరు మెదపకండి."

ఆదివారం బకెట్లన్నీ తోపుడుబండి ఎక్కాయి. పెరట్లో నలభై మంది. కండక్టరమ్మకి పాత రోజులు తిరిగొచ్చినట్టే ఉంది. "ముందుకు జరగండి, వెనకాల ఖాళీగా ఉంది," అంటూ పుదీనా చూపించింది, వామాకు చూపించింది, అందరినీ నవ్వించింది. ఆ ఊపులోనే నిమ్మగడ్డి కషాయమంటూ గుప్పెడు గడ్డి కోసి, స్టవ్వు మీద మరుగుతున్న నీళ్లలో వేసింది. ముందు వరసలో దర్జీ గ్లాసు చాచాడు.

మూత తీసింది. ఆవిరి మొహాన కొట్టింది, వాసన లేదు. అప్పుడు తిరిగి చూసింది. గడ్డి బకెట్లు రెండున్నాయి. ఒకటి తాగే నిమ్మగడ్డి, రెండోది ఇల్లు తుడిచే నీళ్లలో వేసే దోమల గడ్డి. రెండూ ఒకే ఎత్తు, ఒకే ఆకు. ఏది కోసింది?

ఎవరికి తెలుస్తుందిలే, అనిపించింది కూడా. దర్జీ ఇంకా గ్లాసు చాచుకునే ఉన్నాడు.

"ఆగండి," అని గిన్నె ఎత్తి, నీళ్లన్నీ కుళాయి కింది మోరీలో పారబోసింది. "నాకు మూడు రోజులుగా వాసన తెలియట్లేదు. వీటిలో ఒకటి తాగకూడనిది. ఏది కోశానో నాకు తెలీదు."

ఆవిడ కుళాయి వైపు చూడలేకపోయింది.

భర్త జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకుని బకెట్ల మీదికి వంగాడు. "దీని మొదలు ఎర్రగా ఉంది, దానిది తెల్లగా ఉంది."

"ఎర్రది దోమలది," అంది నీరసంగా. "కోసిన గుర్తు ఎందులో ఉంది?"

"ఎర్రదాంట్లోనే."

దర్జీ గ్లాసు మెల్లగా కింద పెట్టేశాడు. డాక్టరమ్మ లేచి వచ్చి, కండక్టరమ్మ చేతిలో పెరటి తాళంచెవి పెట్టింది.

"ఇంత తప్పు చేశాక కూడానా?"

"పారబోశారు కదా," అంది డాక్టరమ్మ. "నేను చూద్దామనుకున్నది అదే. కానీ ఇక చీటీలు కట్టాల్సిందే."

కండక్టరమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సంచి అడుగున, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ మోసుకు తిరిగే పంచ్, టికెట్లకి చిల్లు కొట్టేది, ఉంది. అట్టముక్కలు తెప్పించింది. ఒక చిల్లు తాగేదానికి, రెండు చిల్లులు తాగకూడనిదానికి. మొదటి అట్టకి టకటకా రెండు చిల్లులు కొట్టి, ఎర్ర మొదలు గడ్డికి తనే కట్టింది.

"ఊఁ, తర్వాత ఎవరండీ," అంది, పంచ్ ఆడిస్తూ.