దక్షిణ ధ్రువపు స్పాంజి గురించి చెప్పడానికి బాషా మేకతో

పదో తరగతితో చదువు ఆపిన నేను, రోజువారీ లెక్కల పుస్తకం చివరి పేజీల్లో దక్షిణ ధ్రువపు సముద్రం గురించి చదివింది రాసుకుంటుంటాను. అవి చూసిన ఒక లెక్చరరు అనంతపురంలో తన క్లాసుకు గంటసేపు చెప్పమని పిలిచాడు. నలుగురిలో మాట్లాడే అలవాటు నాకు లేదు. అందుకే చెప్పే పనిని ఒక మేకకు అప్పగించి, అది ఏ ఆకు తింటుందో, ఏది వదిలేస్తుందో చూపిద్దామనుకున్నాను.

ఉదయం ఆరింటికి తనకల్లులో బస్సెక్కి, కదిరిలో మారి, పది దాటాక అనంతపురంలో దిగాను. రెండు బస్సులకూ కలిపి రెండు వందల లోపే అయింది. సంచిలో రెండు కట్టల అవిసాకు ఉంది. మేకలు ముట్టకుండా మా ఊళ్ళో లేతమొక్కలకు చల్లినట్టు, ఒక కట్టకు పేడనీళ్ళు పూసి తెచ్చాను. అక్కడే ఉండే పాత పరిచయస్తుడు బాషా తన మేకను ఆటో వెనక సీట్లో ఎక్కించుకొచ్చాడు.

క్లాసులో రెండు కట్టలూ ముందు పెడితే, మేక దేన్నీ చూడకుండా పడుకుని నెమరేసింది.

"పొద్దున మేత పెట్టినావా?" అన్నాను.

"శనక్కాయ కట్టె కడుపునిండా పెట్టినా. కాలేజీకి పోతాంది కదన్నా, ఆకలితో పంపితే మా ఇంటికి మర్యాదేనా?"

క్లాసంతా నవ్వింది. "మేక చెప్పదంట, ఇంక మీరే చెప్పాల సార్" అన్నాడు వెనక బెంచీలో ఒకడు. లెక్చరరు గడియారం చూసుకున్నాడు. ఇప్పుడు నోరు తెరవకపోతే మళ్ళీ ఎవరూ పిలవరు.

చెప్పడం మొదలుపెట్టాను. చలినీళ్ళ అడుగున అతుక్కుని బతికే స్పాంజి అనే జీవికి పారిపోవడం చేతకాదు. సముద్ర నక్షత్రం, అంటే స్టార్‌ఫిష్, దానిమీదికెక్కి, పొట్టను బయటికి తీసి పైనుంచే తినేస్తుంది. అందుకే కొన్ని స్పాంజిలు ఘాటైన రసాయనాన్ని పై పొరలోనే ఎక్కువగా నింపుకుంటాయి. అది తగిలితే నక్షత్రం పాదాలు వెనక్కి లాక్కుంటుంది.

"లోపలంతా ఎందుకు నింపుకోదు సార్?" అని ఒక అమ్మాయి అడిగింది.

"దాన్ని తయారుచేయడానికీ శక్తి కావాలమ్మా. శత్రువు తాకే చోటే పెట్టుకుంటుంది."

యాభై నిమిషాలు గడిచాయి. అప్పుడు మేక లేచింది. శుభ్రమైన కట్టను నమిలేసింది. రెండోదాన్ని వాసన చూసి, తుమ్మి, మొహం తిప్పుకుంది. ఆ కట్టనే బకెట్‌లో రుద్ది కడిగి పెట్టాను. అదీ తినేసింది.

"ఆకు పైతోలు కడిగినావు, ఇంగ మేకకు భయమేముండాది" అన్నాడు బాషా. క్లాసు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

స్పాంజి తన ఘాటు తానే సిద్ధం చేసుకుంటుంది, మనం పేడ పూస్తాం. ఆ తేడా కూడా చెప్పాను. ఇంటికొచ్చి ఆ రోజు పేజీలో "గంటసేపు మాట్లాడినాను" అని ఒక్క ముక్కే రాశాను. ఇలా మేకతో పాఠం చెప్పబోయేవాళ్ళు, పొద్దున మేత పెట్టొద్దని యజమానికి ముందురోజే చెప్పండి. నాలా మాటలు రానివాళ్ళు మాత్రం యజమానికి ఆ మాట చెప్పకండి.