జ్వరం రోజులు తగ్గించి చెప్పాను

గౌలిపురలో మాది పాల వ్యాపారం. మా పాప వైష్ణవికి అప్పుడు నాలుగేళ్లు. ఒక బుధవారం పొద్దున నేను పాలు పోసి ఇంటికొచ్చేసరికి పాప ఒళ్లు కాలిపోతోంది. మూడో రోజుకు ఒంటినిండా దద్దుర్లు లేచాయి. కళ్లు ఎర్రబడ్డాయి, పెదాలు పగిలి నెత్తురు వచ్చింది.

"పొల్ల పానం బాగలేదు, దవాఖానకు పోదాం పా" అంది నా భార్య సుజాత.

"అమ్మతల్లి పోసింది. సూదీ మందూ ముట్టొద్దు. మూడు తానాలైతే అదే పోతది" అన్నాను. గుమ్మానికి వేపమండలు కట్టాను. మా ఇంట్లో అదే ఆచారం. తప్పును ఆచారం మీదకు నెట్టను. భార్య మాట విననిది నేను.

మా గల్లీలో మందుల దుకాణం నడిపే యూసుఫ్ భాయ్ దారిలో ఆపాడు.

"మొన్న బర్రెకు బుఖారొస్తే సూది కోసం ఉరికొచ్చినవ్ గద భాయ్! బచ్చీ బర్రెకన్న తక్కువనా?"

కోపంతో అతనికి పాలు పోయడం మానేశాను.

ఆరో రోజు దద్దుర్లు తగ్గాయి. "చూసినవా?" అని సుజాతను ఎద్దేవా చేశాను. జ్వరం మాత్రం పోలేదు. పదకొండో రోజు పాప వేళ్ల కొసల్లో తోలు పొరలుగా ఊడింది. సుజాత నన్ను ఇక అడగలేదు. పాపను ఎత్తుకుని ఆటో ఎక్కింది. నేను వెనకాలే పరుగెత్తి ఎక్కాను.

"జ్వరం ఎన్నాళ్ల నుంచి?" అడిగింది పిల్లల డాక్టరమ్మ.

"ఐదు రోజులు మేడం" అన్నాను. సిగ్గుతో ఆడిన అబద్ధం.

ఆమె పాప వేళ్లు పట్టుకుని చూసింది. "ఇట్లా తోలు ఊడేది రెండో వారంలో. నిజం చెప్పండి."

"పదకొండు రోజులాయె మేడం. నేను మూడోనాడే పోదామన్న. ఈయన పోనియ్యలే" అంది సుజాత.

కవాసాకి డిసీజ్ అన్నారు. రక్తనాళాలు వాచే జబ్బు. ఎకో అనే గుండె స్కానింగ్ తీస్తే గుండెకు రక్తమిచ్చే నాళం ఒకచోట బుగ్గలా ఉబ్బి కనిపించింది. కరొనరీ ఆర్టరీ అన్యూరిజమ్, ఆరు మిల్లీమీటర్లు. ఆ వాపు తగ్గించే ఐవీఐజీ మందు నరంలోకి ఎక్కించారు, ఆస్పిరిన్ మొదలుపెట్టారు. జ్వరం పోయింది. గండం గడిచిందనుకున్నాను. రెండు వారాల తర్వాత మళ్లీ ఎకో తీస్తే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు.

"జెయింట్ అన్యూరిజమ్. లోపల క్లాట్ కడితే ఈ వయసులోనే హార్ట్ ఎటాక్ రావచ్చు" అంటూ డాక్టరమ్మ నెత్తురు గడ్డకట్టకుండా వార్ఫరిన్ కూడా రాసింది.

"ముందే తెస్తే వచ్చేది కాదా మేడం?"

"పది రోజుల్లోపు ఐవీఐజీ పడినా కొందరికి వస్తుంది. కానీ రాకుండా ఉండే అవకాశం మీ పాపకు దొరకలేదు."

ఇప్పుడు వైష్ణవికి ఏడేళ్లు. మొన్నటి సీటీ యాంజియోలో కూడా ఆ బుగ్గ తగ్గలేదు. నెత్తురు ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష కోసం తరచూ రక్తం ఇవ్వాలి. కింద పడి దెబ్బ తగిలితే నెత్తురు ఆగదని బడిలో ఆటల పీరియడ్ అంతా మెట్ల మీద కూర్చోబెడతారు. "డాడీ, నేనెప్పుడు ఉరకాలె?" అంటుంది. ఒకసారి పాపకు మందు గోళీ నేనే వేద్దామని వెళితే సుజాత డబ్బా లాక్కుంది.

"నీ చేతికియ్య."



బిడ్డకు జ్వరంతో పాటు కళ్లూ పెదాలూ ఎర్రబడితే, జ్వరం మొదలైన తేదీ క్యాలెండర్ మీద రాయండి. డాక్టర్‌కు ఆ తేదీయే చెప్పండి, ఎకో అవసరమా అని అడగండి. మొక్కుకోండి, వేపమండలూ కట్టుకోండి. డాక్టర్‌కు చూపించకుండా ఐదో రోజు మాత్రం దాటనివ్వకండి. నేను దాటనిచ్చాను.