బోర్డు మధ్యన గీత

దేవుణ్ణి కాపాడాలని బయలుదేరినవాళ్లలో నాకంటే తెలివితక్కువవాడు ఉంటాడనుకోను. అది కూడా కోత పండుగనాడు, నిండు ప్రార్థన మందిరంలో, మా అమ్మ ఎదుట.

అప్పుడు నేను నర్సీపట్నం బడిలో సైన్సు మాస్టారిని. మా ఇంట్లో బడి మెట్టెక్కిన మొదటివాణ్ణి, బల్లకు అటుపక్క నిలబడ్డ మొదటివాణ్ణి కూడా. ఆ గర్వాన్ని రోజూ చొక్కా కంటే ముందు తొడుక్కునేవాణ్ణి. మా హెడ్మాస్టరుగారు దేవుడికైనా దయ్యానికైనా సాక్ష్యం అడిగే మనిషి. చెడ్డవారు కారు గానీ, నన్ను చూస్తే ఆయన నాలుక ఊరుకునేది కాదు.

"సోమవారం నీళ్లు ఆవిరవుతాయంటావు, ఆదివారం నీళ్లు ద్రాక్షారసం అయ్యాయంటావు. మంగళవారం ఏమవుతాయో ముందే చెప్పవయ్యా, చెంబు తెచ్చుకుంటాను."

ఒకరోజు మాత్రం నవ్వకుండా అన్నారు. "ఇనస్పెక్టరుగారు వస్తున్నారు. అద్భుతాలు నమ్మేవాడికి సైన్సు ఎందుకిచ్చావంటే నేనేం చెప్పను? ఆ క్లాసు లెక్కల మాస్టారికి ఇచ్చేద్దామనుకుంటున్నా."

సైన్సు పోతే నాకు మిగిలేవి డ్రిల్లూ, చేతిరాతా. నా చేతిరాత నా తలరాత కంటే వంకర. అందుకే భయం పుట్టింది. నమ్మకాన్నీ క్లాసునూ ఒక్క దెబ్బకు దక్కించుకోవాలనుకున్నాను. కోత పండుగనాడు పాస్టరుగారు నన్ను రెండు మాటలు చెప్పమంటే, లేచి అద్భుతాలన్నిటికీ కారణాలు చెప్పేశాను. దేవుడి జనం దాటిపోవడానికి ఎర్ర సముద్రం పాయలైంది గాలికన్నాను, వాళ్లకు ఆకాశం నుంచి కురిసిన మన్నా అనే ఆహారం ఏదో పొద కార్చిన జిగురన్నాను. వేదిక ముందు జనం కానుకగా తెచ్చిన వడ్లూ, గుమ్మడికాయలూ, కాళ్లు కట్టిన కోళ్లూ ఉన్నాయి. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. నా ప్రసంగానికి బదులు పలికింది ఒక్క కోడే.

ఇంటికి నడుస్తుంటే అమ్మ అడిగింది.

"ఏటిరా, సముద్రాన్ని గాలే సీల్సిందా?"

"అవునమ్మా."

"అలాగైతే ఆ గుమ్మడికాయేదో గాలికే ఇచ్చీసుందును. ఇంత దూరం మొయ్యకపోదును." నాలుగడుగులు వేసి, "ఆళ్లు ఒడ్డుకొచ్చిన ఏలకే ఆ గాలి ఎందుకొచ్చింది, సెప్పు," అంది.

"తెలీదమ్మా."

"ఆ ముక్క అక్కడే సెప్తే ఏటి పోయింది? నీకు తెలీదంటే దేవుడేటి సిన్నబోడు."

మర్నాడు క్లాసులో బోర్డు మధ్యన నిలువుగా గీత గీశాను. ఎడమపక్క తెలిసింది, కుడిపక్క తెలియనిది. అయస్కాంతం ఇనుమును లాగుతుంది. అది ఎడమపక్కకు వెళ్లింది. ఎందుకు లాగాలి? అది కుడిపక్క. బోర్డు మీద తెలియదని రాస్తే నా పరువు సుద్దపొడిలా రాలిపోతుందనుకున్నాను. రాలలేదు. పిల్లలు బెంచీల చివరికి జరిగి వింటున్నారు. కుడిపక్క నిండేకొద్దీ, మందిరంలో అందరం మోకరించినప్పుడు ఉండే నిశ్శబ్దం లాంటిదే ఆ గదిలోనూ ఉండేది. మందిరంలో వంచే తలను బడిలో అంత బిర్రుగా ఎందుకు మోశానో. చెప్పుకోకూడదు గానీ, ఎడమపక్క కంటే ఆ కుడిపక్కే నాకు ఎక్కువ గర్వం.

హెడ్మాస్టరుగారు గుమ్మంలో నిలబడి చూశారు. "తెలియదని రాసిపెట్టుకునే మాస్టారిని నిన్నొక్కణ్ణే చూశాను. ఇనస్పెక్టరు వచ్చేలోగా చెరిపెయ్యి."

"చెరిపేస్తే తెలియనిది తెలిసిపోతుందాండి?"

ఆయన వెళ్లిపోయారు. నేను చెరపలేదు.

తుని నుంచి వచ్చి బండి దిగిన ఇనస్పెక్టరుగారు నేరుగా నా క్లాసుకే వచ్చారు. కుడిపక్కన చివరి వరుస పైకి చదివారు: సూది ఉత్తరాన్నే ఎందుకు చూస్తుంది? చదివి హెడ్మాస్టరుగారి వైపు తిరిగారు. "మీరేమంటారు?"

"భూమి కూడా అయస్కాంతమేనండి."

"భూమికి ఆ గుణం ఎలా వచ్చింది?"

"లోపల ఇనుము ఉందంటారండి."

"దానికెలా వచ్చింది?"

హెడ్మాస్టరుగారు కండువా సర్దుకున్నారు. మళ్లీ సర్దుకున్నారు. ఇనస్పెక్టరుగారు నవ్వి, "ఈ క్లాసు ఇతని దగ్గరే ఉండనివ్వండి. తనకు ఎక్కడిదాకా తెలుసో తెలిసిన మాస్టారు," అని పక్క గదికి వెళ్లారు.

అమ్మకు ఈ మాట ఎప్పుడు చెబుదామా అని నా గుండె ఉబ్బిపోతూనే ఉంది. అయినా చిన్న పని ఒకటి మిగిలింది. సుద్దముక్కను రెండు చేతులా హెడ్మాస్టరుగారికి అందించాను.

"కుడిపక్క కాస్త ఖాళీ ఉందండి. తమ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది."

పిల్లలంతా చూస్తున్నారు. ఆయన సుద్ద తీసుకుని, గుండ్రని అక్షరాలతో 'తెలియదు' అని రాశారు.

ఆయనకొక్కరికే వినపడేలా, "ఆమేన్," అన్నాను.