మావ తిన్నాకే మనుషులకి: మా రత్నం అన్న

నిన్న పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే ఫోన్.

రత్నం అన్న లేడట. గుండెపోటు.

స్కూటర్ తాళం చేతిలోనే ఉంది.

తెలియనివాళ్లకి చెబుతున్నాను. అన్న మా కేన్సర్ హాస్పిటల్లో ఫిజిసిస్టు. రేడియేషన్ ఏ వైపు నుంచి, ఎంత ఇవ్వాలో కంప్యూటర్లో ప్లాన్ వేసేది ఆయనే. ఆ ప్లాన్ ప్రకారం మెషీన్ నడిపేది నేను.

ఏడుపు కంటే కోపమే ఎక్కువ వస్తోంది. దాచుకోను.

గేటు దగ్గర మేనేజ్‌మెంట్ ఫ్లెక్సీ కట్టించింది. ‘అంకితభావానికి మారుపేరు’ అట! ఆ అంకితభావానికే కదండీ పోయినేడాది మెమో ఇచ్చారు?

అప్పుడు ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చింది. కంపెనీవాళ్లు డెమో చూపించారు, స్వీట్లు పంచారు. సోమవారం నుంచే వాడేయమన్నారు పెద్దలు.

అన్న ఒప్పుకోలేదు.

మా దగ్గర మనిషి ఒంటికి బదులు పెట్టే ప్లాస్టిక్ దిమ్మ ఒకటి ఉంది. లోపల డోస్ కొలిచే పరికరం పెడతాం. దానికి ‘మావ’ అని పేరు పెట్టింది అన్నే. వాళ్ల నాన్న ఎచ్చెర్ల వైపు చర్చి విందులకి వండేవారు. బంతిలో ఎంత గొప్పవాళ్లు కూర్చున్నా, ముందు తనో ముద్ద తిని గానీ వడ్డించనిచ్చేవారు కాదు.

మీటింగులో పెద్దసారు మొహం మీదే అడిగాడు అన్న. "మరి ఈ కొత్త కూర ఎవుడు తిన్నాడండీ? ముందు మావకి ఎట్టండి. ఆడు అరిగించుకుంటే అప్పుడు మడుసులకి."

పాత ప్లాన్లు కొత్త వెర్షన్లో మళ్లీ లెక్క వేయించి మావ మీద కొలిచాం. పైనుంచి ఇస్తే డోస్ సరిగ్గానే ఉంది. కింది నుంచి ఇస్తే తక్కువొచ్చింది. మళ్లీ కొలిచాం. మళ్లీ తక్కువే.

అన్న లేచి వెళ్లి పేషెంట్ పడుకునే బల్లని అరచేత్తో చరిచి నా వైపు తిరిగాడు.

"ఇదుందన్న సంగతే దానికి తెల్దు పద్మా! సూడు!"

బల్ల అడ్డుని లెక్కలో కలిపే సెట్టింగ్ అప్‌గ్రేడ్‌లో ఎగిరిపోయింది. కంప్యూటర్ చూపించినంత డోస్ గడ్డకి అందదన్నమాట. బయట బెంచీ మీద ఎస్.కోట నుంచి వచ్చిన అప్పలనర్సమ్మ కూర్చుని ఉంది. ఆమెకి వెన్ను వైపు నుంచే ఇవ్వాలి. కొత్త వెర్షన్లో మొదటి ప్లాన్ ఆమెదే అయ్యేది. ఈ సంగతి ఆమెకి ఇప్పటికీ తెలీదు.

కంపెనీవాళ్లు సరిచేశారు. అన్నకి మాత్రం మెమో. ట్రీట్‌మెంట్లు ఆలస్యం చేశాడట. దాన్ని ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు.

చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు.

ఇంకా వినండి. మళ్లీ కొత్త వెర్షన్ వస్తోంది. ఇవాళ ఆఫీసులో ఒకాయన నా ముందే అన్నాడు: "ఇంకేటి, ఈసారి అడ్డంపడేవోడు లేడు గదా." నవ్వుతూ అన్నాడండీ. అప్పటికి అన్నని ఇంకా సమాధుల తోటకైనా తీసుకెళ్లలేదు.

ఎందుకు లేరు? నేనున్నాను. ఆ మెషీన్ బటన్ నొక్కాల్సింది నేను. మావ తినకుండా నొక్కను. ఇచ్చుకోండి మెమో.

అన్నా, నీ పని నువ్వు చేసేశావు. ఇంక ప్రభువు దగ్గర నెమ్మదిగా పడుకో.

ముందు మావకే పెడతాం.