కల్లు కుండలకు కాపలా

మేడ్చల్‌లో ఆ రోజుల్లో తాగేవాణ్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు, మానేసినవాణ్నే అనుమానంగా చూసేవారు. తొంభైల చివర్లో నేను బోరు మోటార్లు బాగుచేసేవాణ్ని. పగలు మోటార్లకు తీగ చుట్టడం, పొద్దుగూకితే కల్లు కాంపౌండ్‌లో కూర్చోవడం. (రెండో పనికి ఒక్కరోజూ ఆలస్యంగా పోలేదు.) ఒట్టు పెట్టుకుని మానేసిన నెలకే దోస్తులు ఇంటిముందు చేరి, "ఏమైందన్నా, పానం మంచిగ లేదా?" అని పరామర్శించసాగారు. మా ఆవిడ వాళ్లను చూసి, నన్ను చూసి, "గీ ఊళ్లె ఉంటే నీతోని కాదు. ఇల్లు మారుదాం. ఆడ గూడ ఒక్క చుక్క ముట్టినవో, లాల్‌గడి మలక్‌పేట్‌ల మా తల్లిగారింటికి వోత, మల్ల రాను" అంది. అరిచి చెప్పి ఉంటే నేను లెక్కచేసేవాణ్ని కాదు. బియ్యం ఏరుతూ చెప్పింది. అందుకే భయమేసింది.

అలా ఉగాదికి ముందు ట్రాలీ ఆటోలో సామానేసుకుని తూంకుంటలో దిగాం. అక్కడ నా చరిత్ర తెలిసినవాళ్లు లేరు, మర్యాదస్తుడిగా కొత్తగా మొదలుపెడదామనుకున్నాను. గడప దాటకముందే ఇంటి ఓనరు తల్లి, వాడకంతటికీ పెద్దదైన అవ్వ, నిండు కల్లు సీసా నా చేతిలో పెట్టింది. "మైసమ్మకు సాక పొయ్యి బిడ్డా. మిగిలింది పెసాదం, నువ్వో గుక్క తాగి అందరికియ్యి." సాక అంటే అమ్మవారికి ధారపోయడం. నాలుగు చుక్కలు నేలమీద పోసి, మిగతాది మగవాళ్లు పంచుకోవడం ఆనవాయితీ. సామాను దించిన నలుగురూ ఆ మిగతాది కోసమే నిలబడ్డారు. వెనక మా ఆవిడ నిలబడింది. వాసన ముక్కుకు తగిలింది. మిగిలితే తాగుతానని తెలిసి, సీసా బోర్లించి మొత్తం పోసేశాను. ఆ నలుగురి మొహాలు మాడిపోయాయి. అవ్వ మాత్రం తడిసిన నేలను తాకి కళ్లకద్దుకుని, "నా ఎనబై ఏండ్లల్ల గిసుంటి బత్తి జూడలె" అంది.

భక్తుడన్న పేరు వదిలించుకోవడం తాగుడు వదిలించుకోవడం కన్నా కష్టం. ఆషాఢంలో బోనాలు రాగానే సాక కోసం వాడవాళ్లు తెచ్చిన కల్లు కుండలు రెండూ మా ముందుగదిలోకి చేరాయి. "గీయనింట్ల ఉంటేనే ఊరేగింపు దాక కుండ నిండుగుంటది" అని అవ్వ తీర్పు. బోనం వండడానికి తోడుగా మా ఆవిడను తీసుకుపోయింది. నేనూ రెండు కుండలూ మిగిలాం. పావుగంట హనుమంతుణ్ని తలుచుకున్నాను, ఆ తర్వాత గిన్నె ఎక్కడుందా అని తలుచుకున్నాను. లేచి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చొచ్చి, మెట్లమీద కూర్చున్నాను. వాన పడుతోంది.

మధ్యాహ్నం మా ఆవిడ తిరిగొచ్చేసరికి నా తలమీంచి నీళ్లు కారుతున్నాయి.

"వానల గూసున్నవేంది?"

"లోపట కల్లున్నది."

ఆమె కొంగుతో నా తల తుడిచింది. కుండలు ఊరేగింపుతో వెళ్లిపోయాక, మంచం కింది ట్రంకుపెట్టె లాగి, తాళం తీసి, చీరలు ఒక్కొక్కటే బీరువాలో సర్దుకుంది. ఇల్లు మారి నాలుగు నెలలైనా ఆమె తన పెట్టె విప్పనేలేదని నాకు అప్పుడే తెలిసింది. ఆ వానకు పట్టిన జలుబు వారానికి పోయింది. మెట్లమీద తడుస్తూ కూర్చున్న ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వాడి మీద కాస్త ఇష్టమూ కలుగుతుంది.