పత్తి ఇంట్లో మామిడిపండు వాసన

పత్తి ఏరిన నాటి నుంచి అమ్మే దాకా మా ఇంట్లో నిప్పు వెలగకూడదు. ముందరి అర్రలో దూలం అందేంత ఎత్తున పత్తి పోస్తాం. పొయ్యి బయటి రేకుల కిందికి మారుతుంది. బీడీ తాగే మగవాళ్లు ఎవరైనా వాకిలి దాటి, రోడ్డు పక్క కల్వర్టు గోడ మీదికి పోవాల్సిందే. మా ఆయన జ్వరంతో ఉన్ననాడు కూడా దుప్పటి కప్పుకొని అక్కడికే పోయి తాగాడు.

మా చిన్న కొడుకు నల్లగొండలో డిగ్రీ చదివేవాడు. సెలవులకు వస్తే ఆ పత్తి మీదే పడుకునేవాడు. ఒకనాడు అర్రలో మామిడిపండు వాసన వచ్చింది. చూస్తే వాడి చేతిలో పెన్నంత గొట్టం, నోట్లోంచి తెల్లటి ఆవిరి.

"ఏందిరా అది?"

"సిగరెట్ కాదమ్మా, వేప్ అంటరు. దీంట్ల నిప్పుండది. చెయ్యి వెట్టి సూడు."

పెట్టి చూశాను. కాలలేదు. బూడిద కూడా లేదు. దాని మీదివన్నీ ఇంగ్లీషు అక్షరాలు. యాభై దాటాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నదాన్ని, అవి నాకు రావు. మా ఆయన తిప్పి తిప్పి చూశాడు.

"గిదేదో మంచిగనే ఉన్నది. నాకొకటి తెప్పియ్యరాదురా, సలిల గా గోడ మీద కూసునుడు తప్పుతది."

ముగ్గురం నవ్వుకున్నాం. పొగ అంటే మా ఇంట్లో పత్తి అంటుకుంటుందన్న భయమే. ఆ భయం లేదు కనుక వాడిని ఎవరమూ ఏమీ అనలేదు.

మరుసటి ఏడు మా ఆయనకు ఆయాసం మొదలైంది. నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. దవాఖానలో డాక్టరు బీడీ మాన్పించాడు. ఆ చలికాలమే కల్వర్టు గోడ మీద చిన్నవాడు సిగరెట్ తాగుతూ కనిపించాడు.

"గా గొట్టమేమాయెరా?"

"అవి సర్కారోళ్లు ఎప్పుడో బంద్ వెట్టిన్రు. దొంగసాటుగ అమ్మెటోడు గూడ ఇప్పుడు దొరుకుతలేడు. అది లేకుంటే ఏం తోస్తలేదమ్మా."

"అది పట్టకుంటే ఇది పడుతుంటివా?"

"ఏమో. నా దోస్తుగాడు గూడ గదే పీల్చిండు. ఆడు ఇడిశిపెట్టిండు, సిగరెట్ ముట్టనే లేదు. మరి నాయిన ఏ గొట్టం పీల్చి బీడీకొచ్చిండు?"

గొట్టం లేకున్నా వాడు సిగరెట్ మొదలుపెట్టేవాడేమో. కానీ పీల్చడం, అది లేనినాడు చిరాకు పడటం వాడు మా ఇంట్లో, మా కళ్ల ముందే అలవాటు చేసుకున్నాడు. అది మాత్రం నాకు తెలుసు.

ఇంట్లోంచి దగ్గు వినిపించింది. వాడు సిగరెట్ పారేసి లోపలికి పోయి తండ్రి వీపు నిమరసాగాడు. దగ్గు తెరిపిచ్చాక మా ఆయన, "నీ చేతులు వాసనొస్తున్నయిరా" అన్నాడు. తిట్టలేదు. "నీకు చెప్పెటందుకు నాకు మొకం లేదు గని, ఈసారి దవాఖానకు నువ్వు రా నా ఎంబడి."

వాడు తండ్రి వెంట పోయాడు. అక్కడ ఊపిరి అందనివాళ్ల మధ్య పొద్దంతా కూర్చున్నాడు. డాక్టరు దగ్గర తన సంగతీ తానే చెప్పుకున్నాడు. సిగరెట్ ఇంకా పూర్తిగా మానలేదు. తగ్గించానంటాడు. నేను సగమే నమ్ముతాను, ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాను. విసుక్కుంటాడు గానీ ఫోన్ మాత్రం ఎత్తుతాడు.